స్టీరింగు గొట్టమూ, నా స్వావలంబనా

కారు ఉన్నవాడు ధన్యుడా, కదలని కారు ఉన్నవాడు ధన్యుడా?

ఈ ప్రశ్నను నాకు నేనే వేసుకున్నాను. మరెవరినీ అడగలేదు. ఎవరినీ ఏమీ అడగకపోవడం నా చిరకాలపు అలవాటు; దానికి స్వావలంబన అని పేరు పెట్టుకున్నాను. కొంత విచారణ జరిపిన మీదట సమాధానం స్పష్టంగా తోచింది. కదలని కారు ఒక వరం! ఇంట్లోనే చెడి, ఇంట్లోనే బాగుపడుతూ, ఎప్పటికీ పూర్తిగా బాగుపడని కారు అంతకు మించిన వరం!

నవ్వే ముందు దయచేసి నా అర్హతలు వినండి. అమలాపురంలో కాలేజీ విద్యార్థులకు పదహారేళ్లుగా తత్త్వశాస్త్రం బోధిస్తున్నాను. ఆత్మపరిశీలన మీద ఏటా పన్నెండు పాఠాలు చెబుతాను. నా దగ్గర ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు ఉంది. ఈ రెండింటికీ పొత్తు కుదరదంటారా? నాకూ కుదరలేదు. అందుకే ఇదంతా రాయవలసి వచ్చింది.

ఆ కారును ఒక విదేశీ ఓడ కెప్టెను విశాఖపట్నం రేవులో వదిలి వెళ్లిపోయాడు. రెండే తలుపులు. స్టీరింగు ఎడమవైపు. పైకప్పు గుడ్డది, దాన్ని మడిచి వెనక్కి తోసేస్తే లోపల కూర్చున్నవారు ఊరంతటికీ కనిపిస్తారు. ఎనభై ఒకటిలో నేను దాన్ని కొన్నాను. ఎందుకు కొన్నానన్నది ఆత్మపరిశీలనలో ఇంకా తేలలేదు.

దానికి పవర్ స్టీరింగు ఉంది. అదేమిటో తెలియనివారి కోసం చెబుతాను. మామూలు కారులో చక్రాలు తిప్పే బలం మన భుజాలది. పవర్ స్టీరింగులో ఒక పంపు ఉంటుంది. అది నూనెను గొట్టాల గుండా తోసి, ఆ ఒత్తిడితో చక్రాలను తిప్పుతుంది. మనం స్టీరింగు పట్టుకుని అభిప్రాయం వెలిబుచ్చితే చాలు. శ్రమ వేరొకరిది. కాలేజీ అధ్యాపకులకు ఇంతకంటే తగిన యంత్రం ఇంకొకటి ఉందా?

పోయిన క్రిస్మస్ వెళ్లిన మూడోనాడు ఆ గొట్టాలలో ఒకటి పగిలింది. పంపుకి నూనెను తిరిగి చేరవేసే రబ్బరు గొట్టం. లోపలి ఎర్రని నూనె మా వాకిట్లో మడుగు కట్టింది. పాలు పోయడానికి వచ్చినావిడ హత్య జరిగిందనుకుని గేటు దగ్గరే ఆగిపోయింది.

ఊళ్లో మెకానిక్కులు లేరా? ఉన్నారు. అయితే వారి దగ్గరకు వెళ్లడమంటే ‘నాకు తెలియదు’ అని ఒప్పుకోవడం. పదహారేళ్ల సర్వీసులో నాకు ఆ మాటతో పని పడలేదు. విద్యార్థులు నన్ను ప్రశ్నలు అడగరు. అంచేత గొట్టం నేనే మారుస్తానని ప్రకటించాను. అప్పటి నుంచి వరాలు కురవడం మొదలయింది.

మొదటి వరం వినయం. కారు కిందికి దూరాలంటే ముందు మోకరిల్లాలి. తరువాత వెల్లకిలా పడుకోవాలి. నన్ను నిలువుగా మాత్రమే ఎరిగిన లోకం, ఆ రోజుల్లో నా మోకాళ్ల కింది భాగానికి నమస్కారం పెట్టింది. “మేస్టారున్నారాండీ?” అని ఎవరైనా వస్తే నా భార్య లీలావతి నా పాదాలను చూపించి లోపలికి వెళ్లిపోయేది.

రెండవది సర్వమత సామరస్యం. శనివారం వస్తే వాడపల్లి వెంకన్న దగ్గరకు, చవితి వస్తే ఐనవిల్లి వినాయకుడి దగ్గరకు ఇరుగుపొరుగు భక్తులను ఓడ కెప్టెను వదిలిన నా క్రైస్తవ కారు ఎన్నిసార్లు మోసిందో లెక్కలేదు. గొట్టం పగిలిన నాటి నుంచి వారి భక్తి బస్సుల్లోకి మారింది. దేవుళ్లలో ఎవరూ నొచ్చుకున్నట్టు కనబడలేదు.

మూడవది అహింస. రోడ్డెక్కని కారు వల్ల ఒక్క కోడి చచ్చిన దాఖలా లేదు. పైగా వెనక సీటులో ఒక కోడి గుడ్లు పెట్టింది! బానెట్ మీద లీలావతి మిరపకాయలు ఎండబెట్టింది. ఏ వాహనమైనా తిరుగుతూ తిరుగుతూ ఇంత సంసారం మోయగలదా?

అసలు, కారు నడిచినా నడవకపోయినా యజమాని గౌరవంలో వెంట్రుకవాసి తేడా రాదని మీరెప్పుడైనా గమనించారా? “కారు మేస్టారు” అన్న బిరుదు చెక్కుచెదరలేదు. పెట్రోలు లేకుండా నడిచేది గౌరవం ఒక్కటే!

ఇక్కడ మత్తయిని పరిచయం చేయాలి. మా కాలేజీ అటెండరు. ఇరవై ఏళ్ల బట్టి గంట కొడుతున్నాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను అతన్ని నువ్వంటాను, అతను నన్ను మీరంటాడు. ఇందులో ఆలోచించవలసిన సంగతి ఏదైనా ఉన్నట్టు ఒక తత్త్వశాస్త్ర అధ్యాపకుడికి అన్నేళ్లూ తోచలేదు.

మత్తయి కూతురు ఎలీసమ్మకు జనవరి పదవ తేదీ ఉదయం పెళ్లి. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసిన పిల్ల. వాళ్ల పేట ఐనవిల్లి దారిలో, కాలువ అవతలి గట్టున ఉంది. అక్కడి నుంచి చర్చికి వెళ్లే రోడ్డు మోతుబరుల లోగిళ్ల ముందు నుంచి పోతుంది. ఆ రోడ్డు మీద మత్తయి తండ్రి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడట. మత్తయి తన పెళ్లికి ఆ రోడ్డే తొక్కకుండా చేలగట్ల మీదుగా చర్చికి వెళ్లాడట. కూతురు మాత్రం ఆ రోడ్డు మీద, కారులో, పైకప్పు తీసేసి, అందరికీ కనబడుతూ వెళ్లాలన్నది అతని కోరిక. ఈ పదహారేళ్లలో అతను నన్ను అడిగింది అదొక్కటే. అది కూడా నన్ను కాదు, లీలావతిని అడిగాడు.

కాలేజీ క్రిస్మస్ విందులో నేను లేచి నిలబడి, ఎలీసమ్మ నా కారులోనే చర్చికి వెళుతుందని అందరి ఎదుటా మాట ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. ఆ తరువాత మూడోనాడే గొట్టం పగిలింది.

మాట ఇచ్చినవాడు ఏం చేయాలి? స్వయంగా శ్రమించాలి! పక్కింటి రైతు వరిచేలకు నీళ్లు తోడే ఆయిలింజను గొట్టం ముక్క ఒకటి సంపాదించాను. అది మూడు వంతులకు సరిపోయింది. మిగిలిన వంతును సైకిలు ట్యూబు చుట్టి సరిపెట్టాను. క్లిప్పును మూడుసార్లు బిగించాను; మూడుసార్లూ నా మణికట్టు చర్మంతో సహా బిగుసుకుంది. ఈ కార్యక్రమానికి ఆరు రోజులు పట్టింది. మత్తయి రోజూ సాయంకాలం వచ్చి, అరుగు దగ్గర నిలబడి, ఎలా ఉందని అడగకుండా చూసి వెళ్లేవాడు. ఒకరోజు నేనే, పెళ్లినాటికి కారు తయారవుతుందని చెప్పాను. “తవరి చెయ్యి పడితే అవ్వకేమండీ” అన్నాడు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

మధ్యలో ఒకనాడు మత్తయి మేనల్లుడు సాలమోను వచ్చాడు. చమురు కోసం మన నేలలను తొలుస్తున్నవారి దగ్గర జీపు డ్రైవరు. చేతిలో ఏదో డబ్బా ఉంది. నా శ్రమను చూసి ఉత్తేజం పొందడానికి వచ్చాడనుకున్నాను. యంత్రానికి మనిషి దాసుడు కాకూడదనీ, ఎవరి చిక్కు వారే విప్పుకోవాలనీ ముప్పావుగంట చెప్పాను. అతను పదకొండుసార్లు “ఆయ్” అని, డబ్బా పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. పదకొండు ఆయ్‌లు! మా క్లాసులో ఏడాదంతా కలిపినా అన్ని రావు.

గొట్టం బిగిసింది. ఇక నూనె పోయాలి. ఆ ఎర్రని నూనె విశాఖపట్నం నుంచి తెప్పించాలని పుస్తకంలో ఉంది. నేను పుస్తకం మూసేసి విచారించాను. నూనె సారం ఏమిటి? జారడం. జారే గుణం దేశాన్ని బట్టి మారుతుందా? మారదు. మరి కోనసీమలో కూర్చుని నూనె కోసం విశాఖపట్నం వైపు చూడటం ఎంత ఆత్మన్యూనత!

“కొబ్బరినూనె పోద్దాం, మత్తయీ” అన్నాను.

మత్తయి కొంతసేపు నా తలవైపు చూశాడు. తరువాత కొబ్బరిచెట్ల వైపు చూశాడు. ఆ తరువాత “ఆయ్” అన్నాడు. మర్నాడు అంబాజీపేట వెళ్లి, మిల్లులో అప్పుడే ఆడిన నూనె, తేటగా, కమ్మగా వాసన వేస్తున్నది, డబ్బాడు తెచ్చి ఇచ్చాడు. తనే వడగట్టాడు కూడా.

సంగతి లీలావతికి తెలియనివ్వలేదు. “ఏం నూనె పోశారండీ?” అని అడిగింది. నూనెలన్నిటి సారమూ ఒకటేనని చెప్పాను. “వంటింట్లో ఉండేదాన్ని, నాకు సారాలు తెలీవు, పేర్లే తెలుసు” అని గిన్నెలు సర్దుకుంది.

ఎనిమిదవ తేదీ మిట్టమధ్యాహ్నం పరీక్షించాను. ఎండ చురుకుగా ఉంది. ఇంజను స్టార్టు చేసి స్టీరింగును చిటికెన వేలితో తిప్పాను. వాకిట్లో చక్రాలు అటూ ఇటూ వయ్యారంగా తిరిగాయి! కారు చుట్టూ కొబ్బరి వాసన, పలహారాల కొట్టు ముందు నిలబడ్డట్టు. గోడ మీదుగా చూస్తున్న నలుగురూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి నా డైరీలో ‘స్వావలంబన నిరూపితం’ అని రాసుకున్నాను.

పెళ్లిరోజు ఉదయం ఆరున్నరకు మత్తయి నన్ను పిలుచుకు వెళ్లడానికి వచ్చాడు. తెల్లచొక్కా, చెవుల మీదుగా మఫ్లరు. మంచు ఇంకా విడలేదు. కారుకు చామంతి దండలు కట్టాము, పైకప్పు మడిచాము. మా ఇల్లు వీధి చివరన ఉంది. గేటు దాటితే దారి తిన్నగా కాలువ దాకా పోతుంది. తిన్నని దారిలో స్టీరింగు అవసరం ఎవరికి ఉంటుంది? పంపు కొంచెం మూలిగింది. దాన్ని ఉత్సాహంగా అర్థం చేసుకున్నాను. మత్తయి పక్క సీటులో రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ప్రార్థనలో ఉన్నట్టు కూర్చున్నాడు.

వంతెన దగ్గర కుడిచేతి వైపు తిరగాలి. నేను స్టీరింగు పట్టుకుని అభిప్రాయం వెలిబుచ్చాను.

చక్రాలు అంగీకరించలేదు.

రెండు చేతులతో బలవంతం చేశాను. గానుగరోలు తిప్పినట్టుంది. కారు తాను పెట్టుకున్న నిర్ణయం ప్రకారం తిన్నగా పోయి, గట్టు మీది కొబ్బరి పీచుడొక్కల గుట్టలోకి హెడ్‌లైట్ల దాకా దిగబడి ఆగింది. అక్కడ ఆ గుట్టే లేకపోతే ఈ వ్యాసం సంతాపసభలో ఇంకెవరో చదివేవారు.

రివర్సులో కారును రోడ్డు మీదికి తెచ్చి బానెట్ ఎత్తాను. నూనె ఉండే గిన్నె మూత తీశాను. లోపల తెల్లగా, మెత్తగా, వెన్నముద్దలా ఏదో కూర్చుని ఉంది. ఇది ఏ రసాయన క్రియ? నేను దాన్ని వేలితో తాకి ఆలోచిస్తూ ఉండగా మత్తయి నెమ్మదిగా చెప్పాడు.

“పేరుకుపోయిందండీ. చలికి.”

“ఎప్పుడు?”

“రోజూ పొద్దుటే పేరుతుంది కదండీ.”

పాఠకులారా, కోనసీమలో చలికాలం ప్రతి ఇంటా కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టి, కరిగాక తలకు రాసుకుంటారు. బడికి వెళ్లే ప్రతి ఆడపిల్లకూ తెలిసిన సత్యమిది. నా తలకు నూనెతో పని తీరిపోయి పదేళ్లు దాటింది. ఎంత లోతుగా ఆత్మపరిశీలన చేసుకున్నా, బట్టతల లోపలి నుంచి కనబడదు కదా!

“ఈ సంగతి నీకు ముందే తెలుసా?” అన్నాను.

“ఆయ్.”

“సాలమోనుకి?”

“ఆడికి తెలీకేమండీ. ఆ ఏళ అసలు నూనె డబ్బా అట్టుకొచ్చేడండి. తవరేదో చెబుతున్నారు, మజ్జిలో ఎలా అంటాడండీ.”

“మరి ఒక్కరూ నాకు చెప్పలేదేం?”

మత్తయి మఫ్లరు సర్దుకున్నాడు. అతని ముఖంలో వెటకారం వెతికాను. ఉంటే బాగుండునని ఆశపడ్డాను. లేదు.

“తవరడగలేదు కదండీ” అన్నాడు. “తవరికి తెలీదని మేవెలా అనుకుంటామండీ?”

తల తిప్పి చూద్దును గదా, వెనక ఏభై గజాల దూరంలో ఒక జీపు ఆగి ఉంది. దానికీ చామంతి దండలు. సాలమోను స్టీరింగు మీద చేతులు పెట్టి, మమ్మల్ని కాక కాలువలో నీటిని చూస్తున్నాడు. మా గేటు దగ్గర నుంచీ మా వెనకే, మర్యాదకు తగినంత దూరంలో వస్తున్నాడని అర్థమయింది.

“ఆడు ఊరకే వచ్చేడండీ” అన్నాడు మత్తయి. “జీపులో ఎల్లినా పెళ్లి జరిగిపోద్దండీ. తవరేం మనసులో పెట్టుకోకండి.”

కూతురి పెళ్లి నాడు, అతను నన్ను ఓదారుస్తున్నాడు! ఆ జీపుకు రేకు కప్పు. పక్కల దళసరి గుడ్డ. అందులో కూర్చుంటే ఆ రోడ్డు మీద ఎలీసమ్మ ఎవరికీ కనబడదు. ఆ సంగతి అతను అనలేదు.

ఇప్పుడు చెప్పండి, కదలని కారు వరమా, కాదా? నా వాదనను నేను వెనక్కి తీసుకోవడం లేదు. ఆ కారు కదిలి ఉంటే నాకీ సంగతి ఏనాటికీ తెలిసేది కాదు. నా ఫిర్యాదు గొట్టం మీద కాదు, నూనె మీద కాదు. ఆయ్ అన్నవారి మీద అంతకంటే లేదు. ఆ రెండక్షరాలతో ఎవరైనా అవునని చెప్పవచ్చు, విన్నామని చెప్పవచ్చు, మీతో ఏం వాదిస్తాంలెమ్మనీ చెప్పవచ్చు. పదహారేళ్లుగా నా చెవి అందులో మొదటిదాన్నే ఏరుకుంది. నా క్లాసులో ప్రశ్నలు రాకపోవడం నా పాఠం స్పష్టతకు గుర్తు అనుకున్నాను. నేను దారి చూపుతున్నాననుకున్న ప్రతిచోటా, కనబడనంత దూరంలో, ఎవరో ఒకరు నా కోసం జీపు తోలుకుని వస్తూనే ఉన్నారేమో! ఎవరి భుజాల మీద తిరిగిందీ నా చక్రం?

చర్చిలో ఎనిమిదిన్నరకు గంట కొడతారు. ఏడు దాటి ఇరవై నిమిషాలయింది.

“ఇప్పుడేం చేద్దాం, మత్తయిగారూ?” అన్నాను.

ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశారు, ఇంకెవరినో పిలిచాననుకుని. తరువాత “తవరి ఇష్టవండీ” అన్నారు.

“నాకు తెలియదండీ. మీరు చెప్పాలి.”

ఆ మాట అన్న తరువాత ఏమీ కూలిపోలేదు. కాలువ నీరు అలాగే పారుతూ ఉంది.

మత్తయిగారు మఫ్లరు విప్పి భుజాన వేసుకున్నారు. ఆ తరువాతి మనిషిని అంతకు ముందు నేను ఎన్నడూ చూడలేదనిపించింది. చెయ్యెత్తి సాలమోనును పిలిచారు. వంతెన పక్కన టీకొట్టు నడిపే సత్తెమ్మగారిని కేక వేసి, పొయ్యి మీదున్న వేడినీళ్లు ఉన్నవి ఉన్నట్టు తెమ్మన్నారు. ఇంజను ఆపవద్దని నాతో అన్నారు. సాలమోను గిన్నె మీద, పంపు మీద, నేను ఆరు రోజులు బిగించిన ఆ గొట్టం పొడుగునా చెంబుతో వేడినీళ్లు పోశాడు. మూడు డేగిసాల నీళ్లు అయ్యాయి. లోపలి వెన్న అంచుల దగ్గర మెరిసింది, కదిలింది, తేటపడింది. సాలమోను తలుపు మీదుగా చెయ్యి పెట్టి స్టీరింగు తిప్పాడు. చక్రాలు తిరిగాయి.

“ఇంజను ఆపకపోతే మళ్లీ పేరదండీ. చర్చి దాకా డోకా లేదు” అన్నారు మత్తయిగారు.

నేను డ్రైవరు సీటులో కూర్చున్నాను. ఆయన కదలలేదు. నా వైపు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

“ఇంకా ఏమైనా ఉందాండీ?” అని అడిగాను. ఒకసారి నేర్చిన విద్య కదా!

“చెబితే ఏవనుకుంటారోనండీ.”

“ఏమీ అనుకోను.”

“తవరు దిగిపోండి. కారు సాలమోను తోల్తాడు. తవరు జీపు అట్టుకుని ఎనకాల రండి.”

పదహారేళ్లలో నేను విన్న మొదటి సూటి జవాబు అది. దాని మీద విచారణ అవసరమా? అవసరం లేదని నిర్ణయించుకున్నాను. తలుపు తీసి దిగాను. ఏభై గజాలు నడిచి జీపు ఎక్కాను.

ఎనిమిదింటికి మోతుబరుల లోగిళ్ల ముందు నుంచి ఎర్రకారు నెమ్మదిగా, కొబ్బరి వాసన వేస్తూ వెళ్లింది. ఎలీసమ్మ తెల్ల ముసుగు గాలికి లేస్తూ, అరుగుల మీద నిలబడిన ప్రతి ఒక్కరికీ కనబడింది. వెనక జీపులో నేను, బరువైన స్టీరింగును రెండు చేతులతో తిప్పుకుంటూ, ఎవరికీ కనబడకుండా వెళ్లాను.